తాళం ఎవరి దగ్గర ఉంది?

నేను మన స్కూల్లో చదువుతున్న ఇద్దరు పిల్లల తండ్రిని. పాప ఆరో తరగతి, బాబు ఒకటో తరగతి. ఈ పేజీలో తోటి పేరెంట్స్ మొబైల్ అలవాటు గురించి, హోంవర్క్ గురించి, టిఫిన్ బాక్సు ఖాళీ చేయించే కిటుకుల గురించి రాస్తుంటే ప్రతి నెలా చదువుతుంటాను. ఈసారి నన్ను కూడా ఏదైనా రాయమని క్లాస్ టీచర్ గారు అడిగారు. పిల్లల పెంపకం మీద సలహాలు ఇచ్చేంత గొప్ప తండ్రిని కాను. నా అనుభవంలో మీకు పనికొచ్చే సంగతి ఏముందా అని ఆలోచిస్తే ఒక్కటే తోచింది. అది కారు తాళం గురించి. నవ్వుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి.

వేసవి సెలవులు వచ్చేస్తున్నాయి. "బీచ్‌కి ఎప్పుడు తీసుకెళ్తావు?" అనే పోరు మీ ఇంట్లో కూడా ఈపాటికి మొదలై ఉంటుంది. మన తిరువూరుకి సముద్రం దూరం. కృష్ణమ్మను చూడాలన్నా ఇబ్రహీంపట్నం దాకా వెళ్లాలి. మనకున్నవల్లా చెరువులు, సాగర్ కాలువ, వానాకాలంలో పొంగి దారులు ఆపేసే కట్టలేరు. అందుకే మన పిల్లలకు నీళ్లు కనిపిస్తే చాలు, ఆగరు. మంగినపూడో, సూర్యలంకో, రెండు రోజులు తీరిక దొరికితే విశాఖ రుషికొండో అనుకుని బయల్దేరతాం. తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు, పులిహోర, మంచినీళ్లు, వాంతుల మాత్ర, అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరం వేసుకోం. అందరం నీళ్లలోకి దిగితే కారు తాళం ఎక్కడ ఉంటుంది?

మా చిన్నప్పుడు ఈ బెడద లేదు. నడుముకు బెండ్లు కట్టుకుని తోట బావిలో ఈత నేర్చుకున్నాం. ఒంటి మీద నిక్కరు తప్ప ఏమీ ఉండేది కాదు. నాన్న సైకిలు తాళం ఆయన మొలతాడుకే వేలాడేది. పొలంలో దిగినా, బావిలో దూకినా, మంచం మీద పడుకున్నా అది అక్కడే. అమ్మ దగ్గర బీరువా తాళం కొంగు ముడిలోనో, బొడ్డులోనో ఉండేది. తాళం పోయిందన్న మాట ఆ రోజుల్లో మా ఇంట్లో విన్న గుర్తు లేదు. ఇప్పుడు నేను వేసుకునే షార్ట్‌కి ఆరు జేబులున్నాయి. వాటిలో ఒకదాన్ని నమ్మి దెబ్బతిన్నాను.

కిందటి కార్తీక మాసంలో ఒక ఆదివారం. మా అమ్మకు కార్తీకంలో సముద్ర స్నానం చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. కోరికతో పాటు భయం కూడా ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అది ఆదివారం, పైగా పౌర్ణమి. మంగినపూడిలో స్నానాలకు దిగినవాళ్లను కెరటాలు లాక్కుపోయాయని ఆ రోజు విన్నప్పటి నుంచి ఆవిడ సముద్రం మాటెత్తితే "వచ్చే ఏడు చూద్దాంలే" అనేది. ఆ వచ్చే ఏడు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ముందు మంగినపూడిలో స్నానం, తర్వాత చిలకలపూడి పాండురంగడి దర్శనం, వస్తూ వస్తూ బందరు లడ్డూ. ఇదీ మా ప్లాను. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి విస్సన్నపేట, నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడ మీదుగా వెళ్లాం. ఎనిమిది కాకముందే తీరం చేరాం. కార్తీక మాసం కదా, అప్పటికే తిరనాళ్లలా ఉంది.

కారు ఒక వారగా పెట్టాను. ఉప్పునీళ్లు తగిలితే ఫోన్లు పాడవుతాయని నాదీ, మా ఆవిడదీ డ్యాష్‌బోర్డు అరలో దాచాను. పర్సు కూడా అందులోనే. క్యారేజీ, బట్టలు డిక్కీలో. లాక్ నొక్కి, హ్యాండిల్ రెండుసార్లు లాగి చూసి మరీ కదిలాను. నా అంత జాగ్రత్తపరుడు లేడనుకున్నాను.

అమ్మ ఒడ్డున కూర్చుంది. "ముందు మీరు ముగ్గురు నలుగురూ చేసి రండి, నేను నెమ్మదిగా దిగుతా" అంది. ఒళ్లో తన గుడ్డ సంచి. "ఆ తాళం ఇలా ఇవ్వరా, కొంగున కట్టుకుంటా."

"వద్దమ్మా, అది రిమోట్. నీకు తెలియకుండా ఎక్కడో నొక్కుకుందంటే డోర్లు తెరుచుకుంటాయి" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆరు జేబుల్లో జిప్పున్న జేబు చూసి, అందులో తాళం వేసి జిప్పు లాగాను. పూర్తిగా లాగాననే అనుకున్నాను.

మంగినపూడి వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ తీరం నల్లమట్టి. నీళ్లు లోతు లేకుండా చాలా దూరం ఉంటాయి, అందుకే కుటుంబాలతో వచ్చేవాళ్లకు ధైర్యం. అడుగు వేస్తే కాలు కాస్త కూరుకుపోతుంది. పిల్లలకు అదే సరదా. కెరటం వచ్చినప్పుడల్లా దూకడం, మునగడం, ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకోవడం. గంట ఎలా గడిచిందో తెలియలేదు. అమ్మను దింపుదామని ఒడ్డు వైపు తిరిగి, అలవాటుగా జేబు తడుముకున్నాను. జిప్పు సగం తెరిచి ఉంది. జేబులో గుప్పెడు ఇసుక తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు మీరు నా చోట ఉన్నారనుకోండి. ఊరు కాని ఊరు. ఒంటి మీద తడి బట్టలు. డబ్బు, ఫోన్లు, తిండి, పొడి బట్టలు, ఆఖరికి ఇంటి తాళం కూడా కార్లోనే. మీరేం చేస్తారు? నేను చేసింది చెప్తాను. గట్టిగా అరిచాను. "కారు తాళం పడిపోయింది, అందరూ వెతకండి!"

అందరం వెతికాం. మా ఆవిడ, పాప, పక్కన స్నానం చేస్తున్న ముక్కూ మొహం తెలియని నలుగురైదుగురు, అందరం వంగి కాళ్లతో, చేతులతో ఆ బురద తడుముతున్నాం. ఎక్కడ దిగామో, ఎక్కడ ఆడామో కూడా గుర్తు చిక్కడం లేదు. సముద్రంలో ఉన్న చోటే ఉన్నామనుకుంటాం కానీ కెరటాలు మనకు తెలియకుండా పక్కకు జరుపుతూనే ఉంటాయి. ఒడ్డున మన సంచులున్న చోటు చూస్తే ఎంత దూరం వచ్చేశామో తెలుస్తుంది. నేను ఒడ్డు వైపు చూడలేదు. నా కళ్లు నీళ్ల అడుగునే ఉన్నాయి. ఆ తాళం ఖరీదెంత, కొత్తది ఎవరిస్తారు, ఈపాటికి ఎవరికైనా దొరికి కారు తీసుకుపోతే? బుర్రలో ఇవే తిరుగుతున్నాయి.

అప్పుడు ఒడ్డు మీంచి అమ్మ కేక. "ఒరేయ్, పిల్లాడేడిరా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. వాడు నా దగ్గరున్నాడని ఆవిడ, ఆవిడ దగ్గరున్నాడని నేను. పాప చేయి చాపి చూపించింది. మాకు పక్కగా చాలా దూరంలో, నాకైతే నడుము దాకా వచ్చే నీళ్లలో వాడు ఉన్నాడు. వాడికవి గడ్డం దాకా వచ్చాయి. కెరటం వచ్చినప్పుడు తల కనిపించడం లేదు, పోయాక కనిపిస్తోంది. అరవడం లేదు, ఏడవడం లేదు. నేను పరిగెత్తాను. నీళ్లలో పరుగంటే మీకు తెలుసు, కలలో పరిగెత్తినట్టే ఉంటుంది. నాకంటే ముందు గుడివాడ నుంచి వచ్చిన ఒకావిడ వాడి జబ్బ పట్టుకుని పైకి లేపింది. నేను వెళ్లేసరికి దగ్గుతూ, ముక్కు తుడుచుకుంటూ, నన్ను చూసి వాడన్న మొదటి మాట:

"నాన్నా, ఇక్కడ కూడా లేదు."

అందరూ వెతకండి అన్నాను కదా. వాడు కూడా వెతుకుతున్నాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ ఉదయం మా ఇంట్లో ఏ తప్పు జరిగిందని అడిగితే చాలామంది "తాళం పోగొట్టాడు" అంటారు. తాళం పోవడం తప్పే, కానీ చిన్నది. తాళం పోయిన మరుక్షణం నలుగురి కళ్లూ దాని మీదికే పోయాయి, ఒక్కరి కళ్లూ పిల్లాడి మీద లేవు. అమ్మ ఒడ్డున లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను.

తర్వాత చదివి తెలుసుకున్న సంగతి ఒకటి మీకూ చెప్పాలి. నీళ్లలో మునిగిపోయే పిల్లలు సినిమాల్లోలా చేతులు ఊపి కేకలు పెట్టరు. ఊపిరి తీసుకోవడమే కష్టమైనప్పుడు అరవడానికి గాలి ఎక్కడిది? తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టం దగ్గరే తేలుతూ మునుగుతూ ఉంటుంది, చేతులు నీళ్లను కిందికి నొక్కుతూ ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. స్కూలుకు వెళ్లే వయసు పిల్లల మరణాలకు ముఖ్య కారణాల్లో నీట మునగడం ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి "ఏమన్నా అయితే అరుస్తారులే" అన్న ధీమా వద్దు.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. తాళం దొరకలేదు. అమ్మ సంచిలో పాత బటన్ ఫోన్ ఉంది. స్మార్ట్‌ఫోన్ కొనిస్తానంటే వద్దని నేను విసుక్కున్న ఫోనే అది. మా ఆవిడ నంబరు తప్ప నాకు ఒక్క నంబరూ నోటికి రాదు, ఆ ఫోన్ కార్లో ఉంది. అమ్మ ఫోన్లో మాత్రం 2 నొక్కి పట్టుకుంటే నాకు, 3 నొక్కి పట్టుకుంటే తమ్ముడికి పోతుంది. తమ్ముడు పక్క వాటాలోనే ఉంటాడు, మా ఇంటి తాళం ఒకటి వాళ్ల దగ్గరుంటుంది. బీరువాలో ఉన్న కారు రెండో తాళం తీసుకుని వాడు బైకు మీద బయల్దేరాడు. ఆ నాలుగు గంటలూ అమ్మ కొంగు ముడిలో ఉన్న డబ్బుతో తువ్వాళ్లు కొన్నాం, టీ తాగాం. మా పులిహోర కారు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ఆ గుడివాడ వాళ్లే మాకు ఇడ్లీలు పెట్టారు. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకున్న అమ్మ ఇక సముద్రం వైపు వెళ్లనంది. ఇరవై ఏళ్లు ఎదురుచూసి వచ్చిన మనిషి కాళ్లు కూడా తడపకుండా తిరిగొచ్చింది.

తమ్ముడు తెచ్చిన తాళం రిమోట్ పనిచేయలేదు. కారు కొన్నప్పుడు ఇచ్చింది, ఆరేళ్లుగా బీరువాలోనే ఉంది, లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. చేత్తో తిప్పి డోర్ తీస్తే హారన్ లబోదిబోమంది. ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పగానే హారన్ ఆగి, ఇంజిన్ స్టార్ట్ అయింది. అదెలా అని తర్వాత మెకానిక్‌ని అడిగాను. ఈ కాలపు కారు తాళాల తలలో గింజంత చిప్ ఉంటుందట. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట నుంచి దానికి శక్తి అంది, తన రహస్య నంబరు చెబుతుంది. బండి ఆ నంబరు గుర్తుపడితేనే ఇంజిన్ కదులుతుంది. అందుకే రోడ్డు పక్కన చిప్ లేకుండా చేయించిన డూప్లికేట్ తాళం డోర్ తీస్తుందే తప్ప కారు నడపదు. మీ రెండో తాళం ఎక్కడుందో ఇవాళే చూసుకోండి. రిమోట్లో ఉండే బిళ్ల బ్యాటరీ చాలా కార్లకు సీఆర్ 2032 రకం, ఏ గడియారాల కొట్లోనైనా దొరుకుతుంది. ఆ తాళాన్ని కారు అరలో మాత్రం పెట్టకండి. ఇంటి దగ్గర నమ్మకమైన మనిషి చేతికి అందేలా ఉంచండి.

పోయిన తాళాన్ని కారు మెమరీ నుంచి తీసేయించి, కొత్తది చేయించడానికి పన్నెండు వేల పైచిలుకు అయింది. తీసేయించడం ముఖ్యం, లేకపోతే అది దొరికినవాడికి కారు స్టార్ట్ అవుతుంది. కొన్ని ఇన్సూరెన్స్ పాలసీల్లో తాళం పోతే డబ్బు వచ్చే యాడ్-ఆన్ ఉంటుంది. నాకు లేదు. మీ కాగితాలు ఒకసారి తిరగేయండి.

ఆ తర్వాత నాకు ఇది పిచ్చిలా పట్టుకుంది. నీళ్లలోకి వెళ్లేవాళ్లు తాళం ఎక్కడ పెడతారు అని కనిపించినవాళ్లనల్లా అడిగాను. ఎక్కువ మంది చెప్పింది టైరు మీద పెట్టడం. ఆ సంగతి మనకెంత తెలుసో దొంగలకూ అంతే తెలుసు. ఇక బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లకైతే అది మరీ ప్రమాదం. తాళం కారు దగ్గరే ఉంటే చాలు, చాలా మోడళ్లలో హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే డోర్ తెరుచుకుంటుంది. టైరు మీద పెట్టినా, బానెట్ కింద పెట్టినా కారుకు తాళం వేయనట్టే. అలాంటి తాళం లోపల చిన్న ఇనుప తాళం కూడా దాగి ఉంటుంది, రిమోట్ చచ్చిపోయినప్పుడు డోర్ తీయడానికి. అది ఎలా బయటికి లాగాలో ఇంట్లో ఉండగానే నేర్చుకోండి. బీచ్‌లో నేర్చుకోవడం కష్టం.

మా అక్క కొడుకు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ, చదువు కంటే శ్రద్ధగా రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాడు. మెరుగైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిందే, ఆ బీచ్. వాడిని అడిగితే పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. చలి దేశాల్లో సర్ఫింగ్ చేసేవాళ్లు వేసుకునే రబ్బరు సూటు లోపల తాళం కోసమే చిన్న జేబు, దానికో తాడు ఉచ్చు ఉంటాయట. తాళాన్ని ఆ ఉచ్చుకు కట్టి జేబులో పెడతారు కాబట్టి జేబు తెరుచుకున్నా తాళం పోదు. ఇంకొందరు నంబరు లాక్ ఉన్న చిన్న ఇనుప పెట్టెలో తాళం పెట్టి, ఆ పెట్టెను కారు కింద కొక్కేనికి తగిలించి వెళ్తారట. "మన ఎండకి రబ్బరు సూటు ఎవరేసుకుంటారు మామయ్యా, మేం కోచ్‌కి ఇచ్చి వెళ్తాం" అన్నాడు చివరికి. మెడలో తాడుకి మాత్రం కట్టుకోవద్దన్నాడు. కెరటంలో పడి దొర్లినప్పుడు అది మెడకు చుట్టుకుంటుంది.

ఆ ఉచ్చు సంగతి విన్నాక నాకు నాన్న మొలతాడు గుర్తొచ్చింది. జేబును నమ్మకుండా కట్టుకోవడమే కదా రెండింటిలోనూ ఉన్నది. ఇప్పుడు నేను దిగాల్సి వస్తే, రిమోట్ లేని మామూలు చిప్ తాళం ఒకటి చేయించుకున్నాను, దాన్నే పెద్ద పిన్నీసుతో మొలతాడుకు గుచ్చి బనీను లోపల ఉంచుకుంటాను. ఆన్‌లైన్‌లో దొరికే వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లు కూడా మంచివే, కానీ ముందు ఇంట్లో పరీక్షించండి. లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, బరువు వేసి బకెట్లో అరగంట ముంచండి. కాగితం తడిస్తే ఆ పౌచ్ పల్లీలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. ప్యాకెట్ మీద ఐపీ 67 అని రాసి ఉంటే, మీటరు లోతు మామూలు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని. ఉప్పునీళ్ల కెరటాల సంగతి అందులో లేదు.

ఒకవేళ రిమోట్ సముద్రపు నీళ్లలో తడిసిందే అనుకోండి, వెంటనే నొక్కి చూడకండి. బ్యాటరీ తీసేసి, మంచినీళ్లతో కడిగి, నీడలో బాగా ఆరబెట్టి కొత్త బ్యాటరీ వేయండి. ఉప్పు లోపల ఉండిపోతే రాగి కొసలను తినేస్తుంది. బియ్యం డబ్బాలో పెడితే బాగవుతుందని మా ఆవిడ నమ్మకం. బియ్యం ఉప్పును పీల్చదు అంటే ఒప్పుకోదు.

ఇన్ని చెప్పాను కానీ, మా ఇంట్లో ఇప్పుడు నడిచే పద్ధతి వీటన్నిటికంటే సులువు. తాళం నీళ్లలోకి వెళ్లదు. ఎవరో ఒక పెద్దవాళ్లు ఒడ్డునే ఉంటారు, తాళం వాళ్ల దగ్గర. అయితే "తాళం చూసుకో" అని ఒకరిని కూర్చోబెట్టడం కాదు ఇది. అమెరికాలో ఈతకొలనుల దగ్గర "వాటర్ వాచర్" అనే బిళ్ల వాడతారని చదివాను. ఒక పెద్దవాళ్లు ఆ బిళ్ల మెడలో వేసుకుంటే, అంతసేపూ వాళ్ల పని నీళ్లలో ఉన్న పిల్లలను చూడడమే. ఫోన్ చూడకూడదు, కబుర్లు చెప్పకూడదు. పావుగంటకోసారి బిళ్ల చేతులు మారుతుంది. మేం బిళ్ల కొనలేదు. మా బిళ్ల కారు తాళమే. తాళం ఎవరి చేతిలో ఉంటే పిల్లలను చూసే కళ్లు వాళ్లవి. ఇచ్చేటప్పుడు "ఇదిగో తాళం, పిల్లలు ఇద్దరు" అని నోటితో చెప్పాలి. తీసుకునేవాళ్లు "ఇద్దరూ కనిపిస్తున్నారు" అనాలి. మొదట్లో మా ఆవిడ నవ్వింది. ఇప్పుడు నేను చెప్పకుండా ఇస్తే తీసుకోదు.

నలుగురైదుగురు పెద్దవాళ్లు వెళ్లినప్పుడు ఈ పద్ధతి మరీ అవసరం. ఇద్దరే ఉంటే ఎవరు చూడాలో తెలుస్తుంది. ఎనిమిది మంది ఉంటే అందరూ చూస్తున్నారని అందరూ అనుకుంటారు. పెళ్లిళ్లలో పిల్లలు తప్పిపోయేది అందుకే కదా.

ఇంకొక్క మాట. ఏ వస్తువు పోయినా, తాళమైనా, గొలుసైనా, కళ్లజోడైనా, ముందు పిల్లలను ఒడ్డుకు చేర్చి లెక్కపెట్టండి. వెతకడం ఆ తర్వాత. "అందరూ వెతకండి" అనే మాట మాత్రం అనకండి. పిల్లలు మన మాట ఎప్పుడూ వినరని మనం ఈ పేజీలో తెగ రాసుకుంటాం. వాళ్లు వినే రోజు ఒకటి ఉంటుంది.

మొన్న మాఘ పౌర్ణమికి మళ్లీ మంగినపూడి వెళ్లాం. అమ్మను ఒప్పించడానికి నెల పట్టింది. ఈసారి మొదటి వంతు నాది. తాళం నా చేతిలో, నేను ఒడ్డున. మా ఆవిడ అమ్మ చేయి పట్టుకుని మోకాళ్ల దాకా దింపింది. పిల్లలిద్దరూ చెరో పక్క. అంతలో ఫోన్ మోగింది, కొట్లో కుర్రాడు. ఎత్తబోతుంటే నీళ్లలోంచి పాప అరిచింది. "నాన్నా! తాళం నీ దగ్గరే ఉంది!" చుట్టుపక్కల వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. నేను ఫోన్ సంచిలో పడేశాను.

అమ్మ మూడు మునకలు వేసింది. మొదటిది భయంగా, ముక్కు పట్టుకుని. మూడోది ఎవరూ పట్టుకోకుండానే. తర్వాత ఇంకో నాలుగు వేసింది, అవి దేవుడి లెక్కలోవి కావనుకుంటాను. ఒడ్డుకొచ్చి, జుట్టు పిండుకుంటూ నా ముందు నిలబడి చెయ్యి చాపింది.

"ఇక నువ్వు దిగు. తాళం ఇలా ఇయ్యి."

"ఇదిగో తాళం, పిల్లలు ఇద్దరు" అన్నాను.

"ఇద్దరూ కనిపిస్తున్నార్రా, వెళ్లు" అని, దాన్ని తడి కొంగుకే ముడేసుకుంది. రిమోట్ తడుస్తుందమ్మా అనబోయి, ఊరుకుని నీళ్లలోకి నడిచాను.